నజీబ్ పేరు మీద షర్మూలా

నజీబ్ తన యాభై రెండేళ్ల జీవితంలో తెరిచినదేదీ మూసిన పాపాన పోలేదు. ఆలివ్ నూనె డబ్బా, బీరువా తలుపు, టూత్‌పేస్టు, వీధి గుమ్మం, చివరికి వాదన, ఏదైనా సరే తెరవడం వరకే తన వంతు అనుకుంటాడు. మూయడం అనే పని ప్రపంచంలో ఉందని అతనికి తెలుసు. మబ్బులు కమ్మినట్టే అదీ దానంతటదే జరుగుతుందని అతని నమ్మకం.

అతని భార్య రాదియా ఇరవై రెండేళ్లుగా అతని వెనకాలే మూతలు పెడుతూ తిరుగుతోంది. ఆమె చరిత్రలో డిగ్రీ చేసింది కాబట్టి, ఏ మూత ఏ సంవత్సరంలో తెరిచి వదిలేశాడో తేదీలతో సహా చెప్పగలదు. నజీబ్ మగపిల్లల హైస్కూల్లో భూగోళం చెబుతాడు. పటం మీద ఏ సముద్రమైనా కళ్ళు మూసుకుని చూపిస్తాడు గానీ, వంటింట్లో చక్కెర డబ్బా ఎక్కడుందో ఇప్పటికీ కనిపెట్టలేదు.

ట్యునీషియాలో విప్లవం జరిగిన మరుసటి ఏడాది రంజాన్లో అతను మూయకుండా వదిలేసిన మూత ఒకటి మాత్రం స్ఫాక్స్ ఊరంతటికీ తెలిసిపోయింది. దానికి ముందు షర్మూలా సంగతి చెప్పాలి.

నెల రోజులు ఉపవాసముండి, పండగ పొద్దున లోకమంతా తీపి తింటే, స్ఫాక్స్ వాళ్ళం ఉప్పు చేప తింటాం. దాని పక్కన షర్మూలా ఉండాలి. ఉల్లిపాయలు, నల్ల ఎండుద్రాక్ష ఆలివ్ నూనెలో గంటల తరబడి మగ్గి, దాల్చినచెక్క, లవంగం, ఎండు గులాబీ మొగ్గలు పడి, చివరికి నల్లగా నిగనిగలాడే ముద్ద అవుతుంది. పండగ పూట పొద్దున్నే ఉల్లిపాయ తింటామని రాజధాని ట్యూనిస్ వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.

నజీబ్ ఇంట్లో పండగ బల్ల మధ్యన పెట్టే షర్మూలా గిన్నె మాత్రం అతని అక్క జకియా ఇంటి నుంచే రావాలి. అది వాళ్ళ అమ్మ పద్ధతి. ద్రాక్షని ఉడకబెట్టి, జల్లెడ పట్టి, తొక్కలూ గింజలూ పారేసి, గుజ్జు మాత్రమే వాడాలి. పెళ్ళైన మొదటి పండక్కి రాదియా తన పుట్టింటి పద్ధతిలో చేసింది. ద్రాక్షని నానబెట్టి, ఒక్కొక్క గింజా చేత్తో తీసి, పండుని పండుగానే మగ్గనిచ్చింది. జకియా పదిహేడు మంది ఎదురుగా ఒక చెంచా రుచి చూసి, గిన్నె మీద మూత పెట్టేసింది.

"పిల్ల కదా. నేర్చుకుంటుందిలే," అంది.

ఆ మూత ఇరవై రెండేళ్లుగా తెరుచుకోలేదు. రాదియా చేతి షర్మూలా ఆ బల్ల మీదికి మళ్ళీ రాలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ బల్ల మధ్యన తన గిన్నె ఉండాలి, ఇది రాదియాది అని అందరూ అనుకుంటూ తినాలి. రాదియా ఈ లోకంలో కోరుకున్న గొప్ప కోరికలన్నిటిలో తీరనిది అదొక్కటే.

ఒక చిన్న సంగతి జకియాకీ తెలీదు, నజీబ్‌కీ తెలీదు. గిన్నెతో పాటు జకియా పంపే షర్మూలా సీసా పండగ రెండో రోజుకల్లా ఖాళీ అయ్యేది. మూడో రోజు పొద్దున రాదియా అదే సీసాలో తన షర్మూలా నింపి పెట్టేది. నజీబ్ రొట్టెతో అద్దుకుని తింటూ, ప్రతి ఏడాదీ అదే మాట అనేవాడు.

"చూశావా! అక్క చేతి వంట రోజులు గడిచేకొద్దీ రుచెక్కుతుంది."

"అవునండీ," అనేది రాదియా. "మూడో రోజు నుంచీ మరీను."

ఇక మూత సంగతి. రాదియాతో కాలేజీలో చదివిన హేలా 'మన స్ఫాక్స్' అని ఒక సైటు నడిపేది. కరెంటు కోతలు, చేపల మార్కెట్టు కబుర్లు, ఎవరి పెళ్ళి, ఎవరి చావు, వారానికో వంట. విప్లవం తర్వాత ఊళ్ళో అందరికీ నోరొచ్చింది కాబట్టి, ప్రతి వార్త కిందా వంద కామెంట్లు. పేరు ఏదైనా పెట్టుకోవచ్చు. 'సత్యవాది' అనేవాడు 'నిఖార్సయిన సత్యవాది' అనేవాడిని బూతులు తిట్టేవాడు. వంటల పేజీ కింద మాత్రం 'ఎవరో ఒకరి పిన్ని' అనే ఆవిడ రాసే మాటల కోసం జనం ఎదురుచూసేవారు. బక్లావా గురించి, "ఇంత పల్చగా పాకం పోస్తే అది మిఠాయి కాదు, స్నానం" అని ఆవిడ రాసిన మాట బేకరీ దాకా వెళ్ళింది. ఆ పిన్ని రాదియానే. ఈ సంగతి ఆమెకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలీదు.

రంజాన్ మూడో వారంలో, తిట్లు ఏరి పారేయలేక హేలా చేతులెత్తేసింది. పాత కామెంట్ల పెట్టె తీసేసి, ఫేస్‌బుక్ వాళ్ళు బయటి సైట్లకి ఇచ్చే పెట్టె తెచ్చి అతికించింది. ఇకమీదట ఎవరైనా తమ ఖాతాతోనే, సొంత పేరుతో, సొంత ఫొటోతో మాట్లాడాలి. ఒక్క రోజులో సత్యవాదులిద్దరూ మాయమైపోయారు.

నజీబ్ ఇఫ్తార్ దగ్గర సూప్ తాగుతూ పొంగిపోయాడు.

"ఇదీ పద్ధతంటే! మాట్లాడేవాడు ముఖం చూపించి మాట్లాడాలి. ముఖం ఉంటే మాట నిజమన్నట్టే. ఏమంటావ్ రాదియా?"

"నేనేమంటానండీ. నాకు ఖాతానే లేదు," అంది రాదియా. నిజమే. తన ముఖం చూడాల్సిన వాళ్ళందరూ కూరగాయల బజార్లో ఎలాగూ కనిపిస్తారని ఆమె ఖాతా తెరవలేదు. లోపల మాత్రం దిగులేసింది. పిన్ని నోరు పడిపోయినట్టే.

సరిగ్గా రెండు రోజులకి 'మన స్ఫాక్స్'లో ఆ వారం వంట వచ్చింది. 'అసలైన స్ఫాక్స్ షర్మూలా, జకియా గారి చేతి నుంచి.' పక్కన ఫొటో. జకియా నవ్వుతోంది. చేతిలో జల్లెడ.

మధ్యాహ్నం నమాజు అయింది. నజీబ్ నిద్రపోతున్నాడు, ల్యాప్‌టాప్ బల్ల మీద తెరిచే ఉంది. రాదియా మూత వేద్దామని వెళ్ళి, చదివి, కూర్చుంది. అడుగున కొత్త పెట్టె ఖాళీగా ఎదురుచూస్తోంది. రాయనివ్వదేమో అనుకుంటూనే ఒక అక్షరం కొట్టింది. పడింది. రెండోది కూడా పడింది. పేరూ అడగలేదు, ఊరూ అడగలేదు. పెట్టె పక్కన కందిపప్పు బద్దంత బొమ్మ ఏదో ఉంది. కళ్ళజోడు వంటింట్లో ఉండిపోయింది. అలంకారం కాబోలు అనుకుంది. హేలా తన పాత పాఠకుల్ని బయటికి నెట్టలేదన్న ఆనందంలో, ఇరవై రెండేళ్ల గోడంతా ఒకేసారి రాసేసింది.

"ప్రతి పండగకీ ఇదే తింటున్నాను, ఇరవై రెండేళ్లుగా, నోరెత్తకుండా. ద్రాక్షని ఉడకేసి, జల్లెడ పట్టి, ప్రాణం ఉన్న భాగమంతా పారేసి, మిగిలిన బూడిదరంగు జిగురుని అసలైన షర్మూలా అనడానికి ఎంత గుండె కావాలో! ద్రాక్ష పంటి కింద పడాలి. జకియా గారి చేతికి మంచి పేరుంది. ఆ చేతిలోని జల్లెడని ఎవరైనా దాచిపెడితే ఊరికి మేలు చేసినవాళ్ళవుతారు."

మీట నొక్కి, ల్యాప్‌టాప్ మూసి, హాయిగా వెళ్ళి ఉల్లిపాయలు తరుక్కుంది.

అరగంటకి కూతురు యుస్రా తన గదిలోంచి ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. యుస్రాకి ఇరవై ఏళ్ళు. ఇంజనీరింగు చదువుతోంది, తల్లి నవ్వు పుణికిపుచ్చుకుంది.

"అమ్మా! నాన్నకేమైంది? ఉపవాసం తలకెక్కిందా?"

ఫోన్లో నజీబ్ ఉన్నాడు. స్కూలు వార్షికోత్సవంలో టై కట్టుకుని, ప్రపంచ పటం ముందు నిలబడి తీయించుకున్న ఫొటో. దాని పక్కన నజీబ్ పూర్తి పేరు. కింద జల్లెడ, జిగురు, గుండె, అన్నీ ఉన్నాయి. సైటు కిందే కాదు, నజీబ్ సొంత పేజీలో కూడా ప్రత్యక్షమైంది, మూడు వందల అరవై మంది స్నేహితులు, చుట్టాలు, పాత విద్యార్థులు చూసేట్టుగా.

రాదియా చేతిలో కత్తి ఆగిపోయింది. నజీబ్ ఫేస్‌బుక్ ఖాతా కూడా నూనె డబ్బాలాగే తెరిచి వదిలేశాడు. ఆ పప్పుబద్ద అతని ముఖం.

"ఎవరు రాశారో," అంది, ఉల్లిపాయ వైపు చూస్తూ.

"బూడిదరంగు జిగురు," అంది యుస్రా నెమ్మదిగా. "ఈ ఊళ్ళో ఈ మాట ఇంకెవరంటారమ్మా? పోయిన శుక్రవారం నా గంజి గురించి కూడా ఇదే అన్నావు." అంతలోనే కళ్ళు పెద్దవి చేసింది. "పిన్ని నువ్వేనా!"

"గట్టిగా అనకు. మీ నాన్న లేస్తారు."

లేచాడు. ఫోను లేపింది. నజీబ్ ఫోన్లో స్పీకరు కూడా ఎప్పుడూ మూయడు కాబట్టి, జకియా గొంతు నాలుగు గదుల్లోనూ వినిపించింది.

"ఏరా తమ్ముడూ! నా జల్లెడ దాచేస్తావట్రా?"

"అక్కా... ఏ జల్లెడ?"

"ఇరవై రెండేళ్లు నోరెత్తకుండా తిన్నావట! గిన్నె నాకుతుంటే నోరెలా ఎత్తుతావురా!"

యుస్రా ఫోన్లో తన పేజీ చూసుకున్నాక నజీబ్ జుట్టు లేచి నిలబడింది. "నేను రాయలేదక్కా! ఎవడో దొంగ నా పేరు మీద..."

"దొంగకి మా ఇంటి షర్మూలా ఇరవై రెండేళ్లుగా తినే పనేంటి? తిన్న దొంగవి నువ్వొక్కడివే. పైగా ముఖం ఉంటే మాట నిజమేనని మొన్న మా ఆయనకి నువ్వే చెప్పావుగా!"

ఫోను పెట్టేసింది. ఆవిడ తెరిచినవి మూయగలదు.

రాదియా చెప్పేద్దామనే అనుకుంది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ చెబితే, తన గిన్నె మీది మూత ఇక ఎప్పటికీ తెరుచుకోదు. ఇఫ్తార్ అయ్యాక చెబుదాం, తిన్నాక మనిషి మెత్తబడతాడు అనుకుంది.

ఇఫ్తార్ అయ్యేసరికి కథ మారిపోయింది. నజీబ్ పేజీ మీద మగవాళ్ళంతా వచ్చి గుండెలు విప్పుకున్నారు. పాత విద్యార్థి ఒకడు, "సార్, అప్పట్లో మాకు ఖండాలు నేర్పారు, ఇవాళ ధైర్యం నేర్పారు" అన్నాడు. సూస్ పట్నంలో ఉండే బావమరిది వరసవాడు, "నాదీ ఇదే గోడు. మా ఆవిడ చూడకముందే లైకు కొట్టి పోతున్నాను" అని రాశాడు. దాని కింద వాళ్ళావిడ, తన ముఖంతోనే, "చూశాను" అని రాసింది. మర్నాటికి నాలుగు వందల లైకులు. స్కూలు హెడ్మాస్టరు ఫోను చేసి, "మీలో ఇంత మంచి రచయిత ఉన్నాడని తెలీదు నజీబ్ గారూ" అన్నాడు.

ఆ ఫోను తర్వాత నజీబ్ దొంగ ఊసెత్తడం తగ్గించాడు.

"ఎవరు రాశారన్నది కాదు రాదియా," అన్నాడు ఆలోచనగా. "రాసిందాంట్లో విషయం ఉందా లేదా, అదీ ముఖ్యం."

మూడో రోజు రాదియా మేడ మీద బట్టలు ఆరేస్తుంటే, కింద నజీబ్ పక్కింటాయనతో అంటున్న మాట వినబడింది. "రాసేటప్పుడు ఇంత స్పందన వస్తుందని అనుకోలేదండీ. ఏదో, మనసులో ఉన్నది అలా వచ్చేసింది."

రాదియా నోట్లో బట్టల క్లిప్పు పటుక్కుమంది. తన శాలువా కప్పుకుని మొగుడు వీధిలో ఊరేగుతుంటే చూస్తున్నట్టుంది. కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. నవ్వు రావాల్సిన చోట గుండెలో ఏదో చిన్నగా గుచ్చుకుంది. ఇన్నాళ్ళకి తన మాట ఊరంతా మెచ్చుకుంటోంది, మాట మాత్రం టై కట్టుకుని ఉంది.

అదే సాయంత్రం జకియా కూడా అందరూ చూసేట్టుగా అక్కడే జవాబు రాసింది. "తమ్ముడు నజీబ్‌కి: ఈ పండక్కి నా గిన్నె రాదు. షర్మూలా నీ ఇంట్లో నువ్వే చెయ్యి. పదిహేడు మందిమీ వచ్చి తింటాం. ద్రాక్ష పంటి కింద పడకపోతే చూస్తాను." దీనికి ఆరు వందల లైకులు వచ్చాయి. అందులో నజీబ్ లైకు కూడా ఉంది. కంగారులో వేలు తగిలింది.

నజీబ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "రాదియా... షర్మూలాలో ఏమేమేస్తారు?"

"రచయిత మీరు. నన్నడుగుతారేం?"

"ఇది పరిహాసాలాడే సమయం కాదు. మా అక్క వస్తోంది."

రాదియా చేతులు తుడుచుకుంది. "చేస్తాను. ఒక షరతు. ఎవరు చేశారని అడిగితే, అందరి ముందూ నిజం చెప్పాలి."

"ఓస్, అంతేనా!"

"అంతే. మీకది ఎంత బరువో అప్పుడు తెలుస్తుంది."

పండగ రెండు రోజులుందనగా మొదలుపెట్టారు. అయిదు కిలోల ఉల్లిపాయల్లో నజీబ్ మూడు కాయలు తరిగాడు, తండ్రి పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు. యుస్రా, రాదియా కూర్చుని ద్రాక్షలోంచి గింజలు ఒక్కొక్కటీ తీశారు. ఉపవాసం కాబట్టి రుచి చూడటానికి లేదు. రాదియా గరిటె తిప్పుతూ, వాసన చూస్తూ, బుడగల చప్పుడు వింటూ మసాలా వేసింది.

"ఉప్పు సరిపోయిందా?" అన్నాడు నజీబ్.

"సూర్యుడు దిగేదాకా దేవుడికే తెలుసు."

"సరిపోకపోతే?"

"సంతకం మీదేగా."

పండగ పొద్దున పదిహేడు మందీ వచ్చారు. కొత్త జెబ్బా అంగీలు, మల్లెపూలు, పిల్లల అరుపులు. రాత్రంతా నీళ్ళలో నానిన ఉప్పు చేప ఉడికి, బల్ల మీద పొగలు కక్కుతోంది. జకియా చివర్న వచ్చింది. నవ్వలేదు. చేతిసంచీలోంచి జల్లెడ తీసి, బల్ల మీద చేప పక్కన పెట్టింది.

"దాచుకుంటావేమోనని తెచ్చానురా," అంది.

రాదియా గిన్నె తెచ్చి బల్ల మధ్యన పెట్టి మూత తీసింది. జకియా రొట్టె తుంచి, చేపముక్క పెట్టి, షర్మూలా అద్ది, నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. ద్రాక్ష పంటి కింద పడిన చప్పుడు తనకి వినబడిందని రాదియా తర్వాత ఒట్టేసి చెప్పింది.

జకియా ఇంకో ముక్క తుంచింది. "ఎవరు చేశార్రా ఇది?"

నజీబ్ నోరు మూసుకుపోయింది. జీవితంలో మొదటిసారి, పూర్తిగా, బిగుతుగా. అతని కళ్ళ ముందు నాలుగు వందల లైకులు, హెడ్మాస్టరు, పక్కింటాయన వరసగా కదిలిపోవడం రాదియాకి కనిపించింది. పదిహేడు మందీ చూస్తున్నారు. యుస్రా గొంతు సవరించుకుంది.

"రాదియా," అన్నాడు చివరికి. "అంతా రాదియానే చేసింది. నేను మూడు ఉల్లిపాయలు తరిగాను."

తేలికపడ్డ మనిషికి ఆకలేసింది. తనూ ఒక ముక్క అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు.

"అక్కా! ఇది నీ షర్మూలానే! మూడో రోజుది!"

"నాదేంట్రా? నేను చెయ్యలేదుగా."

"కాదు, ప్రతి ఏడాదీ మూడో రోజు నీ సీసాలో ఇదే రుచి..." నజీబ్ భార్య వైపు తిరిగాడు. రాదియా గిన్నె అంచు మీద లేని మరక తుడుస్తోంది.

యుస్రా ఇక ఆగలేక పగలబడి నవ్వింది. "నాన్నా, ఇరవై రెండేళ్లుగా మూడో రోజు నుంచీ తింటున్నది అమ్మ షర్మూలా!"

"సీసా ఊరికే ఖాళీగా ఉండటం నాకు నచ్చదండీ," అంది రాదియా.

బల్ల చుట్టూ నవ్వులు పేలాయి. జకియా మాత్రం రాదియానే చూస్తోంది. "మరి ఆ కామెంటు? నా తమ్ముడికి పెళ్ళి శుభలేఖ రాయడమే చేతకాదు. బూడిదరంగు జిగురు వాడి మాట కాదు."

ఇక దాచడానికేం లేదు. రాదియా తలెత్తింది. "నేనే రాశాను వదినా. ఆయన ఖాతా తెరిచి వదిలేశారు, నేను కళ్ళజోడు పెట్టుకోలేదు. ముఖం ఆయనది, నోరు నాది. మాటల్లో కాస్త కారం ఎక్కువైంది, దానికి క్షమించండి. ద్రాక్ష గురించి రాసింది మాత్రం వెనక్కి తీసుకోను."

"అంటే," అన్నాడు నజీబ్ నీరసంగా, "ఆ నాలుగు వందల లైకులూ..."

"నావే. మీ దగ్గర దాచుకున్నాను, అంతే."

జకియా జల్లెడ చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. ఇప్పుడు తిడుతుందని అందరూ అనుకున్నారు. ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతోంది.

"ఒరేయ్ నజీబ్, నాన్నకి పళ్ళెప్పుడు ఊడిపోయాయో గుర్తుందా నీకు?"

"నేను పుట్టకముందే అనుకుంటా."

"అందుకేరా అమ్మ జల్లెడ పట్టేది! ఆయన నమల్లేడని! అంతకుముందు అమ్మ కూడా ఇలాగే, పండుని పండుగానే చేసేది. నాకు ఆరేళ్ళు. ఇదే రుచి. ఇన్నేళ్లూ మర్చిపోయాను." తలగుడ్డ కొసతో కళ్ళు ఒత్తుకుంది. "నోటి నిండా పళ్ళున్న పదిహేడు మందికి పళ్ళు లేని మనిషి వంట పెడుతూ వచ్చాను!"

"అత్తా," అంది యుస్రా ఫోను చాపుతూ, "ఈ మాట సైటులో రాస్తావా? నీ పేరుతో, నీ ఫొటోతో?"

"రాయడమెందుకే? రాస్తే ఎవరు రాశారో అని మళ్ళీ తగువు." జకియా జల్లెడని రాదియా ఒళ్ళో పడేసింది. లేచి నిలబడి, వాకిట్లో ఆడుకుంటున్న పిల్లల్ని కూడా లోపలికి పిలిచింది. పక్కింటాయన గోడ మీంచి తొంగి చూస్తుంటే ఆయన్నీ రమ్మంది. అందరూ వచ్చేదాకా ఆగి, తన పళ్ళెం రాదియా ముందుకి చాపి, నాలుగు గదుల్లోనూ వినబడేట్టు చెప్పింది.

"అందరూ వినండి. ఇరవై రెండేళ్ల కిందట నా మరదలి గిన్నె మీద మూత పెట్టాను. తప్పు నాది. వెయ్యి రాదియా, ఇంకాస్త వెయ్యి."